బ్రోకరాఫీసు మెట్ల మీద ఒక జత చెప్పులు

ఆవకాయ రోజులు వచ్చాయంటే మా పెద్దమ్మకు తన వయసు గుర్తుండదు, మా వయసు అసలే గుర్తుండదు. "అటక మీది పెద్ద జాడీ దింపిపెట్టండమ్మా" అని పొద్దున్నే పైకి కబురు చేస్తుంది. పైకి అంటే మరీ పైకి కాదు లెండి. భవానీపురంలోని ఈ ఇంట్లో కింది వాటాలో ఆవిడ, పై వాటాలో నేనూ మా ఆయనా ఉంటాం. ఎనభై దాటిన మనిషికి సాయంగా ఉందామని, కాలేజీలో నా ఉద్యోగం అయిపోగానే వచ్చి చేరాం. ఎవరు ఎవరికి సాయంగా ఉన్నారో పులుసు గిన్నెను చూస్తే తెలుస్తుంది. అది కిందనుంచి పైకి నిండుగా వస్తుంది, పైనుంచి కిందకి ఖాళీగా వెళుతుంది.

ఈసారి మా ఆయన నిచ్చెన ఎక్కే స్థితిలో లేరు. మార్కెట్టుతో పాటు తనూ బాగా కిందకి దిగి, పెద్దమ్మ వరండాలో ఫోను పట్టుకుని కూర్చున్నారు. పది రోజులుగా ఆ ఫోను తెర ఎర్రగా ఉంది, ఆయన కళ్ళూ అదే రంగులో ఉన్నాయి. రిటైరైనప్పుడు వచ్చినదాంట్లో సగం ఫండ్లలో పెట్టారు, మిగతా సగం బ్యాంకులో ఉంది. మార్కెట్టు అడుగు తగిలిన రోజున ఆ సగం కూడా తీసి పెట్టేస్తే అంతా ఒడ్డున పడుతుందని ఆయన ఆలోచన. "ఏవోయ్, ముప్ఫై ఏళ్ళు కామర్సు చెప్పావుగా, ఇదే అడుగంటావా?" అని గంటకోసారి అడుగుతున్నారు. అడుగడుగునా అడుగు గురించే అడిగే మనిషికి ఏం చెప్పను? కామర్సు చెప్పడం వేరు, కామర్సు తెలియడం వేరు అన్న సంగతి పెళ్ళిచూపుల్లోనే చెప్పి ఉండాల్సింది. అప్పుడు పాట పాడమన్నారు కానీ ఇది అడగలేదు.

అందుకని నేనే నిచ్చెనెక్కాను. జాడీ వెనకాల, దారంతో కట్టిన ఒక ప్లాస్టిక్ సంచి చేతికి తగిలింది. విప్పితే హవాయి చెప్పులు. వెలిసిపోయిన నీలం పట్టీలు, మడమ దగ్గర అరిగి అట్టముక్కలా పలచబడ్డ రబ్బరు. కుడి చెప్పు తిరగేసి చూశాను. తుప్పు పట్టిన పిన్నీసు ఉండాల్సిన చోటే ఉంది. నాకు నిచ్చెన మీదే నవ్వొచ్చింది. నిచ్చెన కూడా నాతో పాటు ఊగింది.

"ఏంటే, మీద బల్లి గానీ పడిందా?" అంది కిందనుంచి పెద్దమ్మ.

చెప్పులు చూపించాను. ఆవిడ నవ్వలేదు. నవ్వును మింగేసిన మొహం మాత్రం పెట్టి, "అక్కడే పెట్టెయ్. మీ పెదనాన్న ఈ ఇల్లు కట్టింది ఆ చెప్పులతోనే" అంది.

నేను పామర్రు దగ్గర మా ఊరినుంచి బి.కాం. చదవడానికి బెజవాడ వచ్చి పెదనాన్న ఇంట్లో దిగిన రోజులవి. అప్పటికి ఈ ఇల్లు లేదు. ఇక్కడికి రెండు సందుల అవతల అద్దె ఇంట్లో వాళ్ళిద్దరూ ఉండేవాళ్ళు. పిల్లలు లేరు కాబట్టి పెంచడానికి నేను దొరికాను. పెదనాన్న కాలవల ఆఫీసులో గుమాస్తా. డెల్టాలో ఏ లాకు దగ్గర నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో అక్కడివాళ్ళు ఫోన్లో చెబుతుంటే పెద్ద పుస్తకంలో రాయడం ఆయన పని. ఇరవై ఏళ్ళు అదే రాసేసరికి, ప్రపంచంలో ప్రతిదానికీ ఒక మట్టం ఉంటుందనీ, దాన్ని చూసి చెప్పే కొలబద్ద ఎక్కడో ఒకచోట పాతి ఉంటుందనీ ఆయనకు గట్టి నమ్మకం కలిగింది. నేను కాలేజీ నుంచి గుమ్మంలోకి రాగానే, వంటింటి వైపు కళ్ళతో చూపించి, "మీ పెద్దమ్మ ఇవాళ పన్నెండడుగుల మీద పారుతోందమ్మాయ్, గట్టు వెంబడే నడువు" అనేవాడు. ఆ రీడింగులో ఆయన ఎప్పుడూ తప్పలేదు. మిగతా వాటిలోనే.

ఆ ఇంట్లో పొద్దు మొదలయ్యేది కిరసనాయిలు స్టవ్వు వాసనతో. దాని వెనకే చికోరీ ఎక్కువైన కాఫీ వాసన, దాని వెనకే గెడ్డం సబ్బు వాసన వచ్చేవి. పెదనాన్న కిటికీ చువ్వకు అద్దం తగిలించి, దాని కిందే పేపర్లో షేర్ల పేజీ మడిచిపెట్టి, ఒక చేత్తో బ్లేడూ ఇంకో చేత్తో భూతద్దం పట్టుకుని గెడ్డం గీసుకునేవాడు. ధరలు పెరిగిన రోజున సంతోషంలో ఒక బుగ్గ మరిచిపోయేవాడు. మార్కెట్టు బాగున్న ఆ ఏడాదంతా పెదనాన్న ఒకవైపే నున్నగా ఉండేవాడని చెబితే అతిశయోక్తి అనుకుంటారు గానీ, ఆఫీసులో ఆయనకు ఏ పక్క కూర్చునేవారికి ఎలా కనిపించేవాడో ఇప్పటికీ నాకు కుతూహలమే.

పామర్రు దగ్గర తన వాటా పొలం అమ్మి, పెదనాన్న భవానీపురంలో ఈ స్థలం కొని, ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి. స్లాబు వేయాల్సిన ఎత్తుకొచ్చాక ఊళ్ళోకి షేర్లు వచ్చాయి. తలుపులకీ, కిటికీలకీ, గచ్చుకీ అని విడిగా పెట్టిన డబ్బు ఆర్నెల్లు ఊరికే పడి ఉండటం దేనికని పెదనాన్న షేర్లు కొన్నాడు. తలుపుల డబ్బు ఒక సిమెంటు కంపెనీలో, కిటికీల డబ్బు ఒక రొయ్యల చెరువుల కంపెనీలో, గచ్చు డబ్బు గులాబీ పూలను విమానాల్లో ఎక్కిస్తామన్న ఇంకో కంపెనీలో. పెద్దమ్మకు కంపెనీల పేర్లు పట్టేవి కావు. పట్టినా పలకదలచుకోలేదు. "నా కిటికీలు ఎట్టా ఉన్నాయివాళ?" అని అడిగేది. "మూడు రూపాయలు పెరిగాయి" అని పెదనాన్న చెబితే, "పెరిగితే గోడలో పట్టవేమోనండీ, కాస్త చూసుకోండి" అనేది. షేర్లను సేర్లు అనేది. "సేర్లు కొన్నారు, బానే ఉంది. మానికలు కూడా అమ్ముతాడేమో కనుక్కోండి మీ బ్రోకరు" అని అంట్లు తోముకుంటూ సన్నగా చురక వేసేది. స్లాబు డబ్బు మాత్రం బ్యాంకులో ఇద్దరి పేరు మీదా ఉంది. ఇద్దరి సంతకాలూ పడితే గానీ కదలదు. ఆ ఏర్పాటు పెద్దమ్మదే.

బ్రోకరాఫీసు గవర్నర్‌పేటలో ఒక మందుల కొట్టు మీద, మేడ మీద గది. లోపల లక్ష్మీదేవి పటానికి పొద్దున్నే పూజ చేసేవారు కాబట్టి చెప్పులు బయట, మెట్ల మీద విడవాలి. బ్రోకరుగారూ, ఆయన గుమాస్తా పెరటి మెట్ల మీదనుంచి వచ్చేవారు, వాళ్ళ చెప్పులు అటే ఉండేవి. వీధి వైపు మెట్ల మీద ఉన్నవన్నీ షేర్లు కొనడానికొచ్చినవాళ్ళవే. మంచి రోజుల్లో ఆ చెప్పులు మేడ మీదనుంచి మెట్టు మెట్టూ దిగి, మందుల కొట్టు ముందుకొచ్చి, సైకిలు స్టాండు దాకా పారేవి. మందుల కొట్టాయన రోజుకోసారి బయటికొచ్చి కర్రతో వాటిని పక్కకి తోసేవాడు. నీటి మట్టాలు చదివిన కళ్ళతో పెదనాన్న ఆ ప్రవాహం చూసి, "అమ్మాయ్, ధరలు పేపర్లో వస్తాయి. మార్కెట్టు మాత్రం ఈ మెట్ల మీద ఉంటుంది" అన్నాడు. కొలబద్ద ఆయనకు దొరికింది. బి.కాం. మొదటి ఏడాది చదివే నేను అది పాఠంలో లేదని చెప్పాను. "పాఠాలు రాసినవాడు చెప్పులు బయట విడిచి ఉండడు" అన్నాడు.

తరవాత పడటం మొదలైంది. నాకు కామర్సు వచ్చు కదా అని పెదనాన్న నా చేత గ్రాఫు కాగితం మీద రోజూ సిమెంటు ధర చుక్క పెట్టించి, గోడకు అంటించాడు. నేను కాగితం పై అంచు దగ్గర మొదలుపెట్టి, కింద బోలెడు చోటు వదిలాననుకున్నాను. గీత నెల తిరక్కుండా కింది అంచుకు వచ్చింది. పెదనాన్న ఎంతో సంతోషించి, "ఇంక కిందకి పోవడానికి చోటెక్కడుంది?" అన్నాడు. మర్నాడు దాని కింద ఇంకో కాగితం అంటించాల్సి వచ్చింది. దాని కింద మరోటి. గీత బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళి, గోడ దిగి, నేల దగ్గరికొచ్చింది. "ఇదిగో, నేల తగిలింది" అన్నాడాయన. మర్నాడు పొద్దున పెద్దమ్మ ఇల్లు తుడుస్తూ, నేల మీద నేను అంటించిన నాలుగో కాగితాన్ని చీపురుతో ఎత్తి, "అమ్మడూ, ఇది పెరట్లోకి పోకముందే ఆపెయ్యవే" అంది. గ్రాఫు విద్యలో నా అనుభవం అక్కడితో ముగిసింది. తరవాత ముప్ఫై ఏళ్ళు అదే పిల్లలకు నేర్పాను.

అన్నిటికంటే పెద్దగా పడిన రోజున పెదనాన్న ఆఫీసుకి సెలవు పెట్టి బ్రోకరు దగ్గరికి పరిగెత్తాడు. ఆయనొక్కడే కాదు, ఊరంతా పరిగెత్తింది. అమ్మేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, బ్రోకరుని తిట్టేవాళ్ళు, లక్ష్మీదేవి పటానికి దణ్ణం పెట్టేవాళ్ళు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అమ్మలేదు, కొనలేదు. ఆ గొడవలో కౌంటరు దాకా చేరనే లేదట. ఆ మర్నాటినుంచి మాత్రం ఒక కొత్త దిగులు మొదలైంది. "ఏమేవ్, నా పాదాలు చిక్కిపోతున్నాయే. చెప్పులు వదులైపోయాయి చూడు, నడుస్తుంటే జారిపోతున్నాయి" అన్నాడు. పెద్దమ్మ ఆయన పాదాలు అటూ ఇటూ తిప్పి చూసింది. మొహం మీద ఏం కనబడలేదు గానీ, ఆ రోజునుంచి ఆయన పప్పన్నంలో నెయ్యి ఇంకో చెంచా పెరిగింది. షేర్లు పడితే కాళ్ళు చిక్కడం గురించి డాక్టరుకి చెప్పుకోవడానికి ఆయనకే సిగ్గేసింది.

వారం తరవాత అసలు మాట బయటపడింది. "స్లాబు డబ్బు తీద్దామే. అడుగున కొంటే ఏడాదిలో రెండింతలౌతుంది. ఒకటి కాదు, రెండు స్లాబులు వేద్దాం. పైన అమ్మాయికో గది" అన్నాడు. నా పేరెత్తేసరికి నేను పుస్తకంలోంచి తలెత్తాను. గదంటే నాకూ ఆశే మరి.

స్టవ్వు మీద పప్పు ఉడుకుతోంది. పెద్దమ్మ ఆయన వైపు తిరిగి, "అడుగని మీకెట్టా తెలుస్తుందంట?" అంది.

"చెప్పులు చూసి. మెట్ల మీద ఉన్నవాళ్ళంతా విసిగిపోయి, ఆఖరివాడు కూడా చెప్పులేసుకుని ఇంటికి పోయిన రోజు, అదే అడుగు. ఇంక అమ్మేవాడంటూ మిగలడు. మిగలకపోతే పడేదెట్టా? లాకులో నీళ్ళన్నీ పోయాక మట్టం ఇంకెక్కడికి దిగుద్ది?"

ఆ తర్కంలో లోపం ఎక్కడుందో నేనూ వెతికాను, పెద్దమ్మా వెతికింది. ఇద్దరికీ దొరకలేదు. ఈలోగా అడుగంటిన వాసన వచ్చింది. మార్కెట్టుకంటే ముందు పప్పుకు అడుగు తగిలింది. పెద్దమ్మ గిన్నె దింపుకుని వచ్చి, ఒక షరతు పెట్టింది. "సరే. మెట్ల మీద ఒక్క జత కూడా లేని రోజున నేనే సంతకం పెడతాను. ఆ రోజు వచ్చేదాకా మీరు ఆ మెట్ల వైపు పోవడానికి వీల్లేదు. అమ్మడు కాలేజీనుంచి వస్తా చూసొచ్చి చెబుద్ది. వానలు పడేలోగా ఆ రోజు రాకపోతే మాత్రం స్లాబు వేసెయ్యాల. గోడలు ఇంకో వానాకాలం తడిస్తే ఇల్లు కాదు, పుట్ట ఔతుంది."

ఆ రకంగా నేను చెప్పుల రీడింగు తీసే ఉద్యోగంలో చేరాను. మధ్యాహ్నం క్లాసులయ్యాక గవర్నర్‌పేట మీదుగా నడిచి, మందుల కొట్టు ముందు తలనొప్పి మాత్ర కొనే మనిషిలా నిలబడి, పైకి చూసి లెక్కపెట్టుకుని బస్సెక్కేదాన్ని. ఇంటికి రాగానే పెదనాన్న గుమ్మంలోనే, "ఎన్నమ్మాయ్?" అనేవాడు. పద్నాలుగు. మర్నాడు పదకొండు. ఆ వారాంతానికి ఆరు. ఒక ఆడవాళ్ళ జత కూడా ఉండేది, అది పోయిన రోజున పెదనాన్న, "ఆడవాళ్ళు వెళ్ళిపోయారంటే దగ్గరికొచ్చినట్టే" అని చేతులు రుద్దుకున్నాడు. పెద్దమ్మ, "ఆడవాళ్ళకి ముందే తెలుసుద్ది లెండి" అంది. మూడు. రెండు. ఒక సోమవారం ఒకటి.

అక్కడ ఆగిపోయింది. మంగళవారం ఒకటి. బుధవారం ఒకటి. పైనుంచి రెండో మెట్టు మీద, గోడ వైపుకి నెట్టేసినట్టు, ఊళ్ళో సగంమంది కాళ్ళకుండేలాంటి నీలం పట్టీల హవాయి జత. వారం గడిచింది, రెండో వారం గడిచింది, ఆ జత కదల్లేదు. పెదనాన్నకు ఆ కనపడని మనిషి మీద పట్టరాని కోపం వచ్చింది. అన్నం తింటూ తిట్టేవాడు. "ఎవడే వాడు? పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అక్కడేనా? వాడికి ఇల్లూ వాకిలీ లేదా? పెళ్ళాం పిల్లలు లేరా?"

"పెళ్ళాం ఉండే ఉంటుందండీ. మాట వినడేమో పాపం" అనేది పెద్దమ్మ, పెరుగు వడ్డిస్తూ.

"ఇంత మొండివెధవని నా సర్వీసులో చూళ్ళేదు. ఊరు ఊరంతా కాళ్ళు కడుక్కుని ఇంటికి పోతే, వీడొక్కడు పట్టుకు వేలాడతాడేంటి? ఇట్టాంటివాడి మూలానే దేశం ఇట్టా ఉంది."

దేశాన్ని అంతదూరం లాగాక ఇంక లాగడానికేం లేక, ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఆ జత నువ్వు కాస్త కాలితో అటు జరిపి, కిందికి..." అని ఆగాడు. నేను ఆయన మొహం చూశాను. ఆయన నా మొహం చూశాడు. నాకోసం కట్టాల్సిన పై గది మా ఇద్దరి మధ్యా వచ్చి నిలబడింది. "వద్దులే. రీడింగు దిద్దకూడదు" అని తనే లోపలికి వెళ్ళిపోయాడు. ఎన్ని మట్టాలు తప్పు చదివినా, లేని మట్టం రాయని మనిషి. ఆ ఒక్క వాక్యం కోసం ఆయన మీద నాకున్న గౌరవం ఇప్పటికీ దిగలేదు.

ఆ పక్క ధరలూ ఒకేచోట ఆగి ఉన్నాయి. మూడు వారాలుగా సిమెంటు పైకీ కిందికీ కదలకపోయేసరికి పెదనాన్న కొత్త వాదం ఎత్తుకున్నాడు. చెప్పుల సంగతి ఎట్టా ఉన్నా ఇదే అడుగు, తగిలింది, చప్పుడు తనకు వినబడిందని. భోజనాల వేళ. పెద్దమ్మ ఆవకాయ జాడీ తెచ్చి ఆయన ముందు పెట్టి, చెక్క గరిటె లోపలికి దింపింది. టక్కుమంది.

"అడుగేనా?" అంది.

"అడుగే. అయిపోయింది, కొత్తది పట్టాల" అన్నాడు పెదనాన్న.

ఆవిడ గరిటె తిప్పి పైకి తీసింది. దాని మీద ఒక పెద్ద ముక్క, టెంకతో సహా. దాని కింద జానెడు ఊట, ముక్కలు మునిగి ఉన్నాయి. "ఇది టెంకండీ. టెంక తగిల్తే టక్కుమంటుంది. జాడీ తగిల్తే ఠంగుమంటుంది. పాతికేళ్ళుగా ఆవకాయ తింటన్నారు, మీకు రెండిటికీ తేడా తెలీదు" అని ఆ ముక్క ఆయన కంచంలోనే వేసింది. పెదనాన్న ఆ టెంకను తెల్లబడేదాకా చీకాడు. ఆ మర్నాడే సిమెంటు మళ్ళీ దిగింది.

ఆకాశం మబ్బు పట్టే రోజులు వచ్చాయి. తాపీమేస్త్రి రెండుసార్లు వచ్చి, ఇంకో పదిరోజులు చూసి వేరే పని ఒప్పుకుంటానని చెప్పి వెళ్ళాడు. ఆ వారంలోనే పెద్దమ్మ జాకెట్టు గుడ్డలకని నన్ను వెంటపెట్టుకుని గవర్నర్‌పేట వచ్చింది. మందుల కొట్టు దగ్గరికి రాగానే, "పెద్దమ్మా, అదుగో, ఆఖరివాడి చెప్పులు" అని చూపించాను. ఆవిడ కొంగు నడుముకు చెక్కి, చకచకా మెట్లెక్కింది. "ఆ మహానుభావుణ్ణి ఒకసారి నేనూ చూసొస్తాను" అంటూ.

లోపలికి తొంగి చూస్తే గదిలో ఎవరూ లేరు. గుమాస్తా ఒక్కడు బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు, లక్ష్మీదేవి పటం ముందు అగరుబత్తి సగంలో ఆరిపోయి ఉంది. పెద్దమ్మ వెనక్కి తిరిగి ఆ చెప్పుల వైపు చూసింది. కాలి బొటనవేలితో కుడి చెప్పు తిరగేసింది. పట్టీ ఊడిరాకుండా అడుగున గుచ్చిన పిన్నీసు తళుక్కుమంది. ఆవిడ చెయ్యి తనంతట తనే గాజు దగ్గరికి పోయింది. ఆ గాజుకు ఎప్పుడూ నాలుగు పిన్నీసులుండేవి. అప్పుడు మూడున్నాయి.

"ఒసేయ్ అమ్మడూ" అంది నెమ్మదిగా, "ఈ పిన్నీసు నాదే."

అప్పుడు నాకు ఒక్కొక్కటే వెలిగాయి. ఊరంతా పరిగెత్తిన ఆ పెద్ద రోజున, గాబరాలో పెదనాన్న ఎవరిదో పెద్ద సైజు జత తొడుక్కుని ఇంటికొచ్చేశాడు. ఆ పెద్ద పాదాలాయన ఇంకెవరివో వేసుకుపోయి ఉంటాడు. ఆ సాయంత్రం గవర్నర్‌పేటలో ఎంతమంది ఎవరి చెప్పుల్లో ఇళ్ళకి చేరారో లెక్క లేదు. చివరికి ఎవరూ తీసుకెళ్ళడానికి ఇష్టపడనంత పాత జత ఒకటే మెట్ల మీద మిగిలింది. పెదనాన్న పాదాలు చిక్కలేదు. ఇల్లూ వాకిలీ లేని ఆ మొండివెధవ మూడు పూటలా మా ఇంట్లోనే ఇంకో చెంచా నెయ్యి వేసుకుని తింటున్నాడు.

పెద్దమ్మ చెప్పుల్ని జాకెట్టు గుడ్డల సంచిలో కాకుండా, పాత పేపర్లో చుట్టి విడిగా పట్టుకుంది. బస్సులో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూస్తే బస్సు ఆపాల్సి వస్తుందని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. ఇంటికెళ్ళాక ఆవిడ ఆ జత ఆయన కుర్చీ ముందు, కాళ్ళు పెట్టుకోవడానికి వీలుగా, తీర్చి పెట్టింది.

"ఆఖరివాణ్ణి ఇంటికి తీసుకొచ్చాను" అంది.

పెదనాన్న చెప్పులు చూశాడు. పిన్నీసు చూశాడు. గుమ్మం దగ్గర తను విడిచిన పెద్ద చెప్పులు చూశాడు. మూడు వారాల తిట్లన్నీ వరసగా గుర్తొస్తున్నట్టు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంక ఈ గొడవ అయిపోయిందనుకుని నేను కాఫీ పెట్టడానికి లేచాను. అప్పుడు ఆయన తలెత్తి, "అయితే... మెట్ల మీద ఇప్పుడు ఎన్నున్నాయి?" అన్నాడు.

వంటింటి గుమ్మంలో నా కాలు ఆగిపోయింది. ఎన్నీ లేవు. ఒక్క జత కూడా లేదు. ఉన్న ఒక్కటీ పెద్దమ్మే స్వయంగా ఎత్తుకొచ్చింది.

"సున్నా కదూ?" అన్నాడు పెదనాన్న, లేచి నిలబడి. ఆయన గొంతులో గెలిచిన ధీమా లేదు, జాలిగా ఉంది. ఈ ఒక్క ఆశా పోతే తలుపులూ కిటికీలూ గచ్చూ ఎటు పోయాయో ఆవిడకు చెప్పాల్సి వస్తుందని ఆయనకు తెలుసు. "మాటిచ్చావే."

 పెద్దమ్మకు పన్నెండడుగుల మీద పారడానికి అన్ని హక్కులూ ఉన్న రోజది. పారలేదు. ట్రంకు పెట్టెలోంచి బ్యాంకు కాగితం తీసి, నా పెన్ను అడిగి, గుండ్రటి అక్షరాల్లో సంతకం పెట్టి ఆయన చేతికిచ్చింది. "మాటిచ్చాను. పెట్టాను. వెళ్ళండి. మీ చెప్పులేసుకుని వెళ్ళండి" అంది. ఆ పూట ఆవిడ మొహంలో నేను చూసింది ఏమిటో అప్పుడు తెలియలేదు. ఇల్లు పోతుందన్న బాధ అనుకున్నాను. ఆయన చిన్నబోవడం చూడలేకపోవడం అని నాకూ పెళ్ళయ్యాక తెలిసింది.

మర్నాడు పొద్దున ఆయన రెండు బుగ్గలూ శ్రద్ధగా గీసుకుని వెళ్ళాడు. పెద్దమ్మ ఆ పూట ఏ పనీ చేయలేదు. గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు లేకపోయినా ఏరింది. నేను కాలేజీ ఎగ్గొట్టాను. మధ్యాహ్నం కాకముందే సందు చివర పెదనాన్న కనిపించాడు. నడక వదులుగా లేదు, చెప్పులు టపటపమని కాళ్ళకు అంటుకుని వస్తున్నాయి. గుమ్మం దాకా వచ్చి, జేబులోంచి ఆ కాగితం తీసి పెద్దమ్మ ఒళ్ళో పెట్టాడు.

"ఏమైందండీ? కొనలేదా?"

"పైదాకా ఎక్కాను. ఎవరూ లేరు, మెట్లన్నీ ఖాళీ. చెప్పులు విడిచాను. లోపలికి అడుగేస్తూ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి లెక్కపెట్టాను."

"ఎన్నున్నాయి?" అన్నాను నేను, అలవాటు కొద్దీ.

"ఒకటి" అన్నాడు పెదనాన్న. తన కాళ్ళ వైపు చూసుకుని, "ఇంకా ఒకడున్నాడమ్మాయ్. వాడు ఇంటికి పోతేగానీ అడుగు తగలదు. పొమ్మని చెప్పి తీసుకొచ్చాను" అన్నాడు.

పెద్దమ్మ కాగితం మడిచి బొడ్లో దోపుకుని, "కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను" అంది. వానలకు నాలుగు రోజుల ముందు స్లాబు పడింది. ఒక్క స్లాబే. దాని మీద నేను అడగని గది, అడిగే వయసు దాటాక, నా జీతంతో లేచింది. కిటికీలకు ఏడాదిపాటు గోనెపట్టాలే. గులాబీ పూలు విమానమెక్కలేదు, రొయ్యలు ఎటు ఈదుకుంటూ పోయాయో తెలియదు. సిమెంటు మాత్రం చాలా ఏళ్ళకు లేచి నిలబడి, పెదనాన్న ఆఖరి రోజుల్లో ఆయన మందులకు పనికొచ్చింది. ఆ చెప్పులు ఆయన మళ్ళీ తొడగలేదు. పారేయనూ లేదు.

చెప్పుల సంచి మళ్ళీ అటక మీద పెట్టి, జాడీని పొదివి పట్టుకుని దిగాను. జాడీతో పాటు దాని కింద పరిచిన పేపరు కూడా అంటుకుని వచ్చింది. నూనె పీల్చి గోధుమ రంగుకి తిరిగిన పాత పేపరు, మధ్యలో జాడీ అడుగు అచ్చు గుండ్రంగా. చదివితే షేర్ల పేజీ. ఆ గుండ్రం మధ్యలో సిమెంటు ధర ఉంది. నా గ్రాఫు బియ్యం డబ్బా వెనక్కి పోయినా, నేల తగిలినా, చూడనంత తక్కువ. పైన తేదీ చూస్తే, గృహప్రవేశం రోజు పేపరది. పాలు పొంగిస్తూ, మామిడాకులు కడుతూ ఆ రోజు మేమెవరం పేపరు విప్పలేదు. పెద్దమ్మ మడత కూడా విప్పకుండా కొత్త అటక మీద పరిచి, దాని మీద జాడీ పెట్టింది. ఈ చెప్పుల కథ నా నోట ఎన్నోసార్లు విన్న మా ఆయన, ఫోనులో ఆ సిమెంటు ధరను ఏళ్ళకేళ్ళు వెనక్కి తిప్పి చూపించారు. గీత లోయలా దిగిన చోటు ఒకటుంది. "ఇదేనోయ్. ఇంతకంటే కింద లేదు" అన్నారు. అది నిజంగా అడుగో, టెంకో నేను పూచీ పడలేను, నాది కామర్సే కదా. ఆ రోజుల్లో అడుగు తెలుసుకోవడానికి బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్ళి మెట్ల మీద నిలబడాల్సి వచ్చేది. అక్కడ ఇంకో పదిమంది మొహాలు కనిపించేవి. ఇప్పుడు ఎవరి మెట్లు వాళ్ళ అరచేతిలోనే ఉన్నాయి. ఎవరు మిగిలారో, ఎవరు ఇంటికి పోయారో చెప్పడానికి వాటి మీద చెప్పులు లేవు.

"మరి ఇప్పుడు సంగతేంటి అత్తయ్యగారూ?" అన్నారు మా ఆయన. బొటనవేలు తెర మీద ఊగుతోంది. "అందరూ అమ్ముకుని పారిపోతున్నారు. ఇదే అడుగని అందరూ అంటున్నారు. ఇంక ఎవరూ మిగల్లేదంట."

పెద్దమ్మ జాడీని పొడిగుడ్డతో తుడుస్తోంది. తలెత్తకుండా, "అల్లుడుగారూ, మీ చెప్పులు ఎక్కడ విడిచారు?" అంది.

"ఇక్కడే, గుమ్మం దగ్గర."

"అయితే ఇంకా ఒకరున్నారు" అంది.

మా ఆయన గుమ్మం వైపు చూశారు. ఫోను వైపు చూశారు. తరవాత దాన్ని జేబులో వేసుకుని, "ఏవోయ్, ఆ కాయలు ముక్కలు కొట్టించాలా, కత్తిపీట ఉందా?" అంటూ లేచారు. నేను మళ్ళీ నిచ్చెనెక్కి, అటక మీద జాడీ ఉండే చోట ఇవాళ్టి పేపరు పరిచాను. మడత విప్పలేదు.